పది పిక్కలు కొట్టే అరగంట

మీ నియోజకవర్గంలో గెలిచిన మనిషికి ఎన్నికల ఖర్చు ఎవరు ఇచ్చారో మీకు తెలుసా? తెలుసని మీరు అనవచ్చు. ఊళ్లో అందరూ గొంతు తగ్గించి చెప్పుకునే పేరొకటి మీరూ చెప్పవచ్చు. కానీ నా ప్రశ్న పేరుతో తీరేది కాదు. ఇచ్చినప్పుడు వాళ్లు ఎక్కడ కూర్చున్నారు? ఎవరి కళ్ల ముందు ఇచ్చారు? పుచ్చుకున్న మనిషి లేచి కారెక్కేలోపు, అక్కడ పనిచేసే కూలిమనిషి ఎవరైనా అతన్ని ఒక్క మాట అడగగలిగిందా?

పలాసలో ఈ ప్రశ్నలకు మేము జవాబు చెప్పగలిగిన కాలం ఒకటి ఉండేది. నాయకుల వేళ్లు చూసి చెప్పేవాళ్లం.

మా ఊరు పూండి స్టేషనుకు సముద్రం వైపున, ఉద్దానంలో ఉంది. మా అమ్మ పదిహేనేళ్లకు పైగా మా వీధి ఆడవాళ్లతో కలిసి పొద్దుటి పాసింజరు ఎక్కి పలాసకు వెళ్లి, ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టింది. ఆ పని చూడనివాళ్ల కోసం చెబుతాను. కాల్చిన జీడిపిక్కను రాతి మీద నిలబెట్టి చెక్క సుత్తితో ఒక్క దెబ్బ వేయాలి. పెంకు విడిపోవాలి, లోపలి పప్పు విరగకూడదు. పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. ఎంత బూడిద రాసుకున్నా వేళ్ల చివర్లు నల్లబడతాయి. ఆ నలుపు సబ్బుకు లొంగదు. చర్మం పొరగా ఊడినప్పుడే పోతుంది. అందుకు రెండు మూడు వారాలు పడుతుంది. మా అమ్మ వేళ్లకు మాత్రం ఆ పాటి విరామం ఎన్నడూ దొరకలేదు.

ఫ్యాక్టరీ యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. ఆయనకు పలాసలో ఫ్యాక్టరీ, టెక్కలి రోడ్డులో గోదాములు, కంచిలి వైపు జీడితోటలు ఉండేవి. ఎన్నికలు వస్తే ఏ పార్టీ అభ్యర్థి అయినా మొదట ఆయన గుమ్మం తొక్కేవాడు. ఆయన అందరికీ ఇచ్చేవారు. ఎంత ఇచ్చేవారో నాకు తెలియదు, ఈ కథకు అవసరమూ లేదు. ఎలా ఇచ్చేవారన్నదే అవసరం.

అభ్యర్థిని ఆయన ఆఫీసు గదిలోకి తీసుకువెళ్లేవారు కాదు. నేరుగా పిక్కలు కొట్టే షెడ్డులోకి తెచ్చేవారు. ఆడవాళ్ల వరస మధ్యలో ఒక పీట, ఒక రాయి, ఒక చిన్న సుత్తి సిద్ధంగా ఉండేవి. "కూకో బావూ. పది పిక్కలు కొట్టు. పప్పు విరక్కూడదు. పదీ అయినాక మనం మాటాడుకుందాం" అనేవారు. ఆ తర్వాత తాను గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని పేపరు చదువుకునేవారు. అలవాటు లేని చేతికి పది పిక్కలు విరగకుండా రావాలంటే అరగంట పట్టేది, ఒక్కోసారి అంతకు మించి. ఆ అరగంటా అభ్యర్థి కదలడానికి లేదు. చుట్టూ అరవై మంది ఆడవాళ్లు. వాళ్లు ఏం అడిగినా పెద్దాయన పేపరులోంచి తల ఎత్తేవారు కాదు.

ఎన్నికల రోజుల్లో బజారులో ఏ నాయకుడి వేళ్లు నల్లగా కనిపించినా మాకు రెండు సంగతులు తెలిసేవి. పెద్దాయన సొమ్ము అతనికి అందింది. మా ఆడవాళ్ల మాట కూడా అందింది.

తొంభై తొమ్మిది ఎన్నికలకు ముందు ఆ అరగంటను నా కళ్లతో చూశాను. అప్పుడు నేను ఇంటర్‌లో చేరాను. కాలేజీ లేని ఆదివారాలు అమ్మతో వెళ్లి, పప్పు మీది పొట్టు తీసే పని చేసేదాన్ని. ఆ రోజు వచ్చిన అభ్యర్థి గంజి పెట్టిన ఖద్దరు చొక్కా మోచేతి పైదాకా మడిచి, పీట మీద ఎటు కూర్చోవాలో తెలియక కాసేపు తడబడ్డాడు. మొదటి దెబ్బకు పిక్క ఎగిరి ఎక్కడో పడింది. రెండో దెబ్బకు పప్పు రెండు బద్దలైంది.

"బద్దయిపోనాదమ్మా! అది నెక్కలోకి రాదు. మల్లా కొట్టు బావూ" అంది మా పక్కింటి పెద్దమ్మ.

"సుత్తి పట్టుకున్నాడా, మైకు పట్టుకున్నాడా? అలగ పట్టుకున్నాడేటి?" అని వెనక వరస నుంచి ఇంకెవరో అన్నారు.

"మెల్లగా మావా, మెల్లగా. అది నీ ఎదర పార్టీవోడి తలకాయి కాదు."

షెడ్డంతా నవ్వింది. అభ్యర్థి కూడా నవ్వాడు. అతనికి నాలుగు పప్పులు విరగకుండా వచ్చేదాకా చూసి, మా అమ్మ తన సుత్తి పక్కన పెట్టింది.

"నీకు ఇంకా ఆరు పిక్కలున్నాయి బావూ. నా మాటకి అంతసేపు సాలు. మా ఊల్లో తాగే నుయ్యి ఒకటే. ఆ నీల్లు తాగినోల్లకి కాల్లు వాసిపోతన్నాయి, మొకాలు వాసిపోతన్నాయి. మా తమ్ముడు కొబ్బరిసెట్టు ఎక్కే మనిసి, ఇయ్యాల మంచం దిగనేడు. మాకు ఏరే నీల్లు ఎప్పుడిత్తావు?"

"గెలిస్తే మొదటి పని మీ ఊరిదేనమ్మా" అన్నాడతను.

"గెలిత్తే అనకు. ఓడితే మాత్రం నీ మాట ఇనీవోడు ఉండడేటి? ఎప్పుడిత్తావో సెప్పు, తరవాత కొట్టు."

అతను సుత్తి ఎత్తి, దించి, మళ్లీ ఎత్తి, "వచ్చే వేసవికి బోరు వేయిస్తాను" అన్నాడు. అరవై మంది విన్నారు. అతను గెలిచాడు. వేసవి వెళ్లేలోపే మా బడి మూల మీద చేతిపంపు వెలిసింది.

ఆ పంపు నీళ్లు ఉప్పగా వచ్చాయి. నీళ్లదే తప్పో, మరేదైనా కారణం ఉందో ఆనాటికి ఎవరూ తేల్చి చెప్పలేదు. వైజాగు ఆసుపత్రిలో మా మేనమామకు కిడ్నీలు పోతున్నాయని చెప్పారు గాని, ఎందుకు పోతున్నాయో చెప్పలేదు. మా ఉద్దానంలో అలాంటి మంచాలు ఒక ఇంటికో ఒక వీధికో పరిమితం కాలేదు. అమ్మ మాత్రం తన లెక్కన ఒక నిర్ణయానికి వచ్చింది. "ఈసారి బోరు అడగను. నేల కింద నీల్లొద్దు. దూరం నుంచి ఏటి నీల్లు పైపులో తెమ్మంటాను" అంది. అది మొదలు అమ్మ తర్వాతి ఎన్నికల కోసం ఎదురుచూసింది. ఎవరికి ఓటు వెయ్యాలో ఆలోచించి కాదు. తన అరగంట కోసం.

నేను టెక్కలిలో డిగ్రీలో చేరాను. అక్కడ డిబేటు నన్ను పట్టుకుంది. మాకు శిక్షణ ఇచ్చిన లెక్చరరు ఒక సూత్రం చెప్పేవారు: ఎదుటి పక్షం చెప్పిన వాదానికి జవాబివ్వడం ఎవరైనా చేస్తారు, వాళ్లు ఇంకా చెప్పని వాదాన్ని కూడా ముందే ఊహించి జవాబు సిద్ధం చేసుకో. ఆ సూత్రాన్ని నేను శ్రద్ధగా పాటించాను. ఏ ప్రశ్న వేసినా తడుముకోని పిల్లగా కాలేజీలో పేరు తెచ్చుకున్నాను.

రెండో ఏడాది కాలేజీల మధ్య పోటీ మా కాలేజీలోనే జరిగింది. రాజకీయ విరాళాలు ప్రజాస్వామ్యానికి మేలా, చేటా అన్నది విషయం. నాది చేటు అనే పక్షం. ముఖ్య అతిథిగా పెద్దాయన కూతురు వచ్చారు. ఆమె వైజాగులో పెద్ద చదువు చదివి, అప్పటికే ఫ్యాక్టరీ వ్యవహారాలు చూస్తున్నారు. రేపో మాపో అంతా ఆమె చేతికి వస్తుందని పలాసలో అందరూ అనుకుంటున్నారు. పనివాళ్లు ఆమెను అమ్మాయిగారు అనేవారు.

ఆమె ముందు వరసలో ఉన్నారని తెలిసే నేను ఆ ఉదాహరణ ఎంచుకున్నాను. పెద్దవాళ్ల ముఖం మీద నిజం చెప్పడమే ధైర్యమని అప్పట్లో నా నమ్మకం. పేరు చెప్పకుండా ఇలా అన్నాను: "మన ప్రాంతంలో ఒక దాత ఉన్నారు. విరాళం కోసం వచ్చిన నాయకుణ్ణి నేల మీద కూర్చోబెట్టి, పేద స్త్రీల నడుమ పిక్కలు కొట్టిస్తారు. దాన్ని వినయమనీ సమానత్వమనీ జనం పొగుడుతారు. నేను దాన్ని ప్రదర్శన అంటాను. నాయకుడు తన కాళ్ల దగ్గర ఉన్నాడని చూపించుకోవడానికి ఒక ధనికుడు ఏర్పాటు చేసుకున్న ప్రదర్శన. అందులో ఆ స్త్రీలు ప్రేక్షకులు. కూలి ఇస్తున్నంత మాత్రాన వాళ్లను తన ఆటకు ప్రేక్షకులుగా కూర్చోబెట్టే హక్కు ఎవరికీ లేదు."

హాలు చప్పట్లతో నిండిపోయింది. కప్పు నాకే వచ్చింది. అడుగున చెక్క దిమ్మ ఉన్న స్టీలు కప్పు. దాన్ని నా చేతికిస్తూ అమ్మాయిగారు కోపం లేని గొంతుతో అడిగారు:

"ఈ మాటలు నాకు రాసి ఇస్తావా?"

నా మాట ఒకరు రాసి ఇమ్మన్నారన్న గర్వంతో ఆ సాయంత్రమే రెండు పేజీలు మంచి దస్తూరీతో రాసి ఇచ్చాను. ఎదుటి పక్షం చెప్పని వాదాలన్నీ ఊహించి జవాబులు కూడా చేర్చాను. మా అమ్మ చెప్పబోయే వాదం ఒక్కటే నాకు తట్టలేదు. నేను షెడ్డులో కూర్చుని ఆ అరగంటను చూసినదాన్ని. బోరు ఎలా వచ్చిందో తెలిసినదాన్ని. అయినా నా వాక్యం అందంగా కుదిరేసరికి ఆ బోరును మరిచిపోయాను.

మరుసటి శ్రావణంలో పెద్దాయన ఫ్యాక్టరీని కూతురికి అప్పగించారు. పెద్ద సభ ఏమీ పెట్టలేదు. పని మొదలయ్యే ముందు ఆ షెడ్డులోనే అందరినీ కూర్చోబెట్టారు. నేను ఆ రోజు అమ్మతో వెళ్లాను. నిజం చెప్పాలంటే, నా రెండు పేజీలు ఏమయ్యాయో తెలుసుకోవాలన్న ఆశతో వెళ్లాను. పెద్దాయన కూతురి చేతిలో మొదట తాళాల గుత్తి పెట్టారు. తర్వాత పీట పక్కనున్న చిన్న సుత్తిని తీసి, తన పంచె అంచుతో తుడిచి, అదీ ఇచ్చారు. ఎందరో అభ్యర్థులు పట్టుకున్న ఆ సుత్తి పిడి నల్లగా మెరుస్తోంది.

అమ్మాయిగారు రెండూ కళ్లకు అద్దుకున్నారు. ఆ తర్వాత ఒక కాగితం తీసి మార్పులు చదివారు. కాల్చే పని ఆపి పిక్కలను ఆవిరిలో ఉడికించే బాయిలర్ వస్తుందన్నారు. సుత్తికి బదులు కాలితో తొక్కి కోసే మిషన్లు, చేతులకు తొడుగులు వస్తాయన్నారు. ఆడవాళ్లు ఒకరి వేళ్లు ఒకరు చూసుకున్నారు. కొందరు ఏడ్చారు. ఆ మార్పులన్నీ ఆమె మాట ప్రకారం చేశారు. ఇది చెప్పకపోతే నేను ఆమెకు అన్యాయం చేసినదాన్ని అవుతాను.

చివరి మార్పు ఇది: "ఇకనుంచి రాజకీయ నాయకులు ఎవరూ షెడ్డులోకి రారు. ఏదైనా ఉంటే ఆఫీసులోనే మాట్లాడుకుంటాం. మీరు ఎవరి ఆటకూ ప్రేక్షకులు కారు."

నా వాక్యం. కొద్దిగా కుదించారు, అంతే.

పెద్దాయన వైపు చూశాను. ఆయన ఖాళీ పీటను చూస్తున్నారు.

తిరుగు ప్రయాణంలో పాసింజరు పలాస దాటింది. తర్వాత పక్కింటి పెద్దమ్మ అంది, "సేతులు బాగుపడతాయి, ఆ మాట నిజిమే. అయితే మరి మనం ఎవల్ని అడుగుతాం?"

మా అమ్మ కిటికీలోంచి చూస్తూ జవాబిచ్చింది. "ఎవలో సదువుకున్నోల్లు రాసిచ్చుంటారు. మన గౌరవం కోసమే రాసుంటారు పాపం. మనల్ని ఒక్క మాట అడిగితే బాగుండేది."

నేను ఆ పెట్టెలోనే, అమ్మ భుజానికి భుజం ఆనించి కూర్చున్నాను. చెప్పలేదు.

తర్వాతి ఎన్నికలు వచ్చాయి. కార్లు గేటులోంచి నేరుగా కొత్త ఆఫీసు ముందుకు వెళ్లి ఆగాయి. ఆ గదికి అద్దాల తలుపు పెట్టారు. లోపలికి వెళ్లినవాళ్లు టీ చల్లారేలోపు బయటికి వచ్చేవారు. అందరి వేళ్లూ శుభ్రంగా ఉండేవి. బజారులో నిలబడి చూసినా ఎవరికి అందిందో, ఎవరికి అందలేదో తెలిసేది కాదు. బోరు నీళ్లు ఉప్పగా వచ్చిననాటి నుంచి అమ్మ తన ప్రశ్నను నాలుగేళ్లపాటు దిద్దుకుంది. పిక్కలు కొడుతూ మనసులో అనుకునేది, ఇంటికి వచ్చి నాకు వినిపించేది. "ఎప్పుడు మొదలెడతావు అనాలా, ఎప్పుడు అవుతాది అనాలా?" అని అడిగేది. ఎప్పుడు అవుతుంది అనమని నేనే చెప్పాను. ప్రశ్న సిద్ధంగా ఉంది. అడగవలసిన మనిషి అద్దం అవతల ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం అమ్మ పని మధ్యలో లేచి, ఆ తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది. వాచ్‌మన్ అడ్డం వచ్చాడు. అమ్మాయిగారు చూసి తామే బయటికి వచ్చి, ఎంతో మర్యాదగా, "ఏం కావాలన్నా రాసి ఇవ్వమ్మా. నా చేత్తో నేనే అందజేస్తాను" అన్నారు. ఆ రాత నేనే రాశాను. ఆమె అందజేశారని కూడా నమ్ముతాను. జవాబు మాత్రం రాలేదు. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్న మనిషికి ఆ మాట గుర్తుండవలసిన అవసరం ఏముంది? పిక్క కొడుతూ అరవై మంది ముందు చెప్పిన మాట వేరు. అది చర్మం ఊడేదాకా వేలి మీద ఉంటుంది.

ఓట్లు లెక్కపెట్టారు, ప్రభుత్వం ఏర్పడింది. మా ఊరికి పైపు సంగతి ఎవరూ ఎత్తలేదు. డయాలసిస్ కోసం మేనమామను వారానికి రెండుసార్లు వైజాగుకు తీసుకువెళ్లవలసి వచ్చేది. ఒక సాయంత్రం అతనికి దిండు సర్ది వచ్చి గడప మీద కూర్చున్న అమ్మకు అంతా చెప్పాను. పోటీ, రెండు పేజీలు, ఆ వాక్యం ఎవరిదన్నదీ.

అమ్మ చాలాసేపు తన వేళ్ల వైపు చూసుకుంది. అప్పటికి ఆ వేళ్లు తేటపడ్డాయి. మిషన్లు వచ్చాక నలుపు పొరలు పొరలుగా పోయి, నేను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అమ్మ చేతుల అసలు రంగు చూశాను.

"కప్పు గెలిసినావు గదా" అంది చివరికి. "ఎల్లు. ఆ కప్పుతో నీల్లు తే."

అంతకు మించి తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

మర్నాడు కాశీబుగ్గలో పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఆయన వరండాలో పడక కుర్చీలో ఉన్నారు. నేను ఎవరినో, ఏం చేశానో చెప్పాను. ఆయనకు కూతురి ద్వారా ముందే తెలుసు.

"మా గుంట నీ కాయితాలు నాకు సదివి ఇనిపించినాదమ్మా. బాగా రాసినావు. నన్ను బాగానే తిట్టినావు."

"మీరు ప్రదర్శన కోసం చెయ్యలేదా?" అని అడిగాను. అలవాటు పోదు.

ఆయన నవ్వారు. "కొంత ఉంటాది. అబద్దం ఎందుకు? పెద్దోడు నా ఎదట నేల మీద కూకుంటే నాకు బాగుండేది. అయితే మా అమ్మ పిక్కలు కొట్టింది. ఆవిడ అడగాలనుకున్న మాట ఒకటుండేది. ఏటో నాకు తెలీదు. ఎవడూ ఆవిడ పక్కన కూకోలేదు, అడిగే ఈలు రానేదు. నాను డబ్బిచ్చిన మాట ఆల్లు నెలకి మరిసిపోతారు. మీవోల్లు అడిగిన మాట మరవకూడదని కూకోబెట్టినాను."

"అయితే అమ్మాయిగారికి చెప్పండి. మళ్లీ షెడ్డులోకి రప్పించమనండి."

ఆయన తల అడ్డంగా ఊపారు. "ఇచ్చేసినానమ్మా. ఇచ్చి మల్లా సెయ్యెడితే ఆ పిల్ల మాట ఫ్యాక్టరీలో ఎవడింటాడు? నువ్వే ఎల్లు. ఒకసారి నీ మాట ఇన్నాది గదా."

నేను వెళ్లాను. అద్దాల గదిలో ఆమె బల్లకు వెనకాల ఒక గాజు బీరువా ఉంది. అందులో పైవరసలో ఆ చిన్న సుత్తి. నిలబడే చెప్పాను. నా వాదం తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. వాళ్లు ప్రేక్షకులు కారనీ, ఆ షెడ్డులో ప్రశ్న వేసే హక్కున్న మనుషులు వాళ్లొక్కరేననీ, నేను ఆ హక్కుకు అవమానం అని పేరు పెట్టాననీ చెప్పాను.

ఆమె నన్ను కూర్చోమన్నారు. కొంతసేపు పెన్ను మూత తీసి పెడుతూ ఉన్నారు.

"నీ వాదంలో తప్పు ఉందని నాకు ఆ రోజే తెలుసు" అన్నారు. "తెలిసే తీసుకున్నాను. నాన్నగారు కూర్చోమంటే వాళ్లు కూర్చునేవారు. నేను ఆడపిల్లని, కొత్తదాన్ని. నేను పీట చూపిస్తే నవ్వి, నిలబడే మాట్లాడి వెళ్లిపోతారు. అందరి ముందూ. ఆ తర్వాత నా మాటకు ఏం విలువ ఉంటుంది? ఆ పద్ధతి ఆపడానికి మర్యాదగల కారణం ఒకటి కావాలి. నువ్వు తెచ్చి ఇచ్చావు."

అంత నిజాయితీగా ఒక మనిషి నాతో మాట్లాడగలదని నేను అనుకోలేదు. నా వాదం నిజమై గెలవలేదు. ఆమె భయానికి నా ధైర్యం అక్కరకు వచ్చింది కాబట్టి గెలిచింది.

"పీట వద్దు" అన్నాను. "పిక్కలూ వద్దు. మిషన్లు వచ్చాక ఎలాగూ కుదరదు. వాళ్లు వచ్చినప్పుడు ఈ తలుపు తీసి ఉంచండి. లోపల గోడ పక్కన కూర్చునే బల్ల ఒకటి వేయండి. షెడ్డు ఎంచుకున్న ముగ్గురు ఆడవాళ్లు దాని మీద కూర్చుంటారు. వాళ్లు అడగడం అయ్యాకే మీ మాట మొదలుపెట్టండి. అప్పుడు మీరు ఒంటరిగా ఉండరు కూడా."

చివరి మాట నేను ముందుగా అనుకున్నది కాదు. ఆమె తలెత్తి చూశారు.

"వచ్చేసారి" అన్నారు. "మాట ఇస్తున్నాను."

"ఎప్పుడని అడగమని మా అమ్మ నేర్పింది."

ఆమె ముఖంలో చిన్న నవ్వు మెదిలింది. "బల్ల రేపే వేయిస్తాను. మిగతాది వచ్చే ఎన్నికలకు. ఎవరు వచ్చినా."

బల్ల మర్నాడు కాదు, ఆ వారంలో వచ్చింది. టేకుది, గోడ పొడవునా. జీతాల రోజు ఆడవాళ్లు దాని మీద కూర్చుంటున్నారు. అభ్యర్థి ముందు కూర్చునే అవసరం ఇంకా రాలేదు.

ఆ తర్వాత రెండేళ్లకు మేనమామ పోయాడు. కిడ్నీలు నీళ్లు ఓపవని డాక్టర్లు చెప్పడంతో చివరి నెలల్లో అతనికి నీళ్లు కొలిచి ఇచ్చేవాళ్లం. రోజంతటికీ ఒక చెంబు. దాహం వేస్తే అమ్మ తడిగుడ్డతో పెదవులు అద్దేది. ఒకరోజు నేను ఆ పని చేస్తుంటే అతను నన్ను చూసి, "పైపు నీల్లు తియ్యగుంటాయేటే, గుంటా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఆ రోజు తెలుసని అబద్ధం చెప్పి ఉండవలసింది.

ఇప్పుడు నేను కంచిలిలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నాను. పిల్లలకు డిబేటు కూడా నేర్పుతున్నాను. ఏ పక్షం తీసుకున్నా సరే, మీరు ఎవరి గురించి మాట్లాడుతున్నారో ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి అడిగి రండి అని చెబుతాను. స్టీలు కప్పు మా ఇంట్లోనే ఉంది. అమ్మ దాన్ని పారేయనివ్వలేదు, అటక మీద పెట్టనివ్వలేదు. నీళ్ల బిందె పక్కన బోర్లించి ఉంచింది.

పెద్దాయన ఇప్పుడు బయటికి రావడం తక్కువ. అమ్మాయిగారు గట్టిగా నిలదొక్కుకున్నారు. పనివాళ్లు ఆమె మాట వింటున్నారు, ఊళ్లో పెద్దలు కూడా వింటున్నారు. మళ్లీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. కార్లు తిరగడం మొదలైంది. షెడ్డు ఎంచుకున్న ముగ్గురిలో మా అమ్మ ఒకతె. కళ్లు మసకబారి పని మానేసినా, ఆ రోజుకు మాత్రం పాసింజరు ఎక్కి వస్తానంటోంది. ఆమె ప్రశ్నలో ఒక్క మాట మారింది. మా తమ్ముడు మంచం దిగలేకపోతున్నాడు అనేచోట, మా తమ్ముడు పోయాడు అంటుంది. మిగతా అంతా పాతదే.

ఆ తలుపు తెరిచి ఉంటుందో లేదో నాకు తెలియదు. అమ్మాయిగారు మాట నిలబెట్టుకుంటారని నమ్ముతున్నాను. కానీ ఒక మంచి మనిషి మాట మీదే ఆధారపడినప్పుడు ఆ అరగంట ఎంత సులువుగా పోయిందో ఒకసారి చూశాను. దాన్ని పోగొట్టడానికి రెండు పేజీలు చాలాయి.

అందుకే మిమ్మల్ని ఇది అడుగుతున్నాను. ఈ ఎన్నికలు అయ్యేలోపు మీ ఊళ్లో నాయకులకు డబ్బిచ్చే మనిషి ఎవరో కనుక్కోండి. అతని మిల్లులోనో, దుకాణంలోనో, తోటలోనో పనిచేసేవాళ్లతో కలిసి అతని గుమ్మం దగ్గరికి వెళ్లండి. వాళ్ల తరఫున మీరు మాట్లాడకండి. నేను ఆ తప్పు చేశాను. నాయకుడు వచ్చిన రోజు తలుపు తీసి ఉంచమనీ, పనివాళ్లు లోపల కూర్చుని ఒక్క ప్రశ్న అడిగేదాకా డబ్బు కవరు తన ముందు బల్ల మీదే ఉంచమనీ అతన్ని అడగండి. కాదంటే, తలుపు బయటే నిలబడండి. లోపలికి వెళ్లిన మనిషి ఎప్పటికైనా ఆ తలుపులోంచే బయటికి రావాలి.

పలాస చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఇంకో మాట. అభ్యర్థి ఫ్యాక్టరీకి వచ్చే రోజు, పూండి నుంచి వచ్చే పొద్దుటి పాసింజరులో మేము ఉంటాం. రండి.